చెయ్యి అందలేదని రాసింది నేనే

పోలీస్ స్టేషన్‌లో రైటర్ అంటే కథలు రాసే మనిషి అనుకునేరు. జనం వచ్చి చెప్పింది కాగితం మీద పెట్టే హెడ్ కానిస్టేబుల్‌ని అలా అంటారు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల స్టేషన్లలో నేను ఉద్యోగమంతా దాదాపు ఆ పనే చేశాను. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని తలచుకుంటే, నేను రాసినవాటిలో కొన్ని నిజంగానే కథలని అర్థమైంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎన్ని కేసులు పట్టాం, ఎవరు శాలువా కప్పారు అనే గోల ఇందులో ఉండదు. అవన్నీ మీటింగుల్లో చెప్పుకోండి. లాఠీతో నేను ఎవరి ఎముకా విరగ్గొట్టలేదు గానీ, పెన్నుతో ఒక మనిషిని జైలు గుమ్మం దాకా తోశాను. అతని పేరు, అతని వాళ్ల పేర్లు మార్చాను. స్టేషన్ పేరు చెప్పను. తడ దాటితే తమిళనాడు కదా, ఆ సరిహద్దుకు ఇవతల ఉందని మాత్రం చెప్తాను.

ఖాళీ వదలకూడదు

నాకు పని నేర్పింది ఒక పాత రైటర్. ఎప్పుడూ ముక్కుపొడి పీలుస్తూ ఉండేవాడు, మంచి మనిషే. నా మొదటి స్టేట్‌మెంట్ చూసి కాగితం నా మీదకే విసిరాడు.

"ఏందమ్మా ఇది? 'టైము తెలీదు', 'ఎవురు ముందు కొట్టినారో తెలీదు'. తెలీదు అని రాసినావంటే ఆ కంతలోంచి ప్లీడరు ఏనుగును తోలుకోనొస్తాడు. టైము రాయి, దిక్కు రాయి, దూరం రాయి. వాళ్లు సెప్పకుంటే అడుగు. అడిగినా సెప్పకుంటే నువ్వే మాట అందీ."

ఆ రోజు నుంచి నేను మాట అందించడంలో ఘనురాలినయ్యాను. ఎవరైనా టైము తెలియదంటే "పాలు పోసేటప్పటికా, పిల్లోళ్లు బడికి పోయేటప్పటికా?" అని అడిగి, "సుమారు ఎనిమిది గంటలకు" అని రాసేదాన్ని. ఆ 'సుమారు' అనేది మా ఇంటి దేవత. మనిషి ఏడుస్తూ ముందుది వెనక, వెనకది ముందు చెప్తే నేను వరసలో పెట్టేదాన్ని. కూరగాయలమ్మే ఆమె చెప్పినా, కాలేజీ కుర్రాడు చెప్పినా నా కాగితం మీద ఒకే తెలుగు మాట్లాడేవారు: "నేను పై చిరునామాలో కాపురముంటూ, కూలి పని చేసుకుని జీవించుచున్నాను." అలా ఎవరు మాట్లాడతారు? ఎవరూ మాట్లాడరు. అయినా అధికారులు నా రాత బాగుందనేవారు, నేను పొంగిపోయేదాన్ని.

ఒకసారి రేణిగుంట దగ్గర లారీ ప్రమాదం జరిగింది. అక్కడ టీ తాగుతున్న ఒకాయన ముక్కలు ముక్కలుగా నాలుగు మాటలు చెప్పాడు. రెండు రోజుల తర్వాత వచ్చి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎవరో ఆ ప్రమాదాన్ని ఎదురు మేడ మీద నుంచి ఫోన్లో వీడియో తీశారు, అది ఈయన చూశాడు. ఇప్పుడు మేడ మీద నుంచి కనిపించేవన్నీ తన కళ్లతో చూసినట్టే చెప్తున్నాడు. అబద్ధమాడుతున్న మొహం కాదు. "నువ్వు కింద టీ అంగట్లో గదా ఉన్నింది?" అంటే తెల్లబోయాడు. మేమంతా నవ్వుకున్నాం. నవ్వకుండా ఆలోచించి ఉంటే తర్వాత నన్ను నేనే తిట్టుకునే పని తప్పేది.

తడి లుంగీ

పులికాట్ ఒడ్డు పల్లె నుంచి ఒక పొద్దున పదిమంది కలిసి మునెయ్య అనే ఆయన్ని తీసుకొచ్చారు. నలభై దాటి ఉంటాయి. లుంగీలోంచి నీళ్లు కారుతున్నాయి, మోకాళ్ల దాకా నల్లబురద. అతను, అతని తమ్ముడు చెంగయ్య తెల్లవారాక వల తీయడానికి పడవలో పోయారు. ఉన్నట్టుండి గాలివాన కొట్టి పడవ తిరగబడింది. మునెయ్య ఒడ్డుకు వచ్చాడు. చెంగయ్య రాలేదు. మిగతా పడవలు వెతుకుతున్నాయి.

బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాను. తాగలేదు. కుడిచేతి వేళ్లు గట్టిగా ముడుచుకోవడం, తెరుచుకోవడం, మళ్లీ ముడుచుకోవడం. చలికి అనుకున్నాను.

"ఏం జరిగింది మునెయ్యా? మొదటి నుంచి సెప్పు."

"కొంగలన్నీ ఒక్కసారి లేసినాయి మేడమ్."

"సరే. తర్వాత?"

"అన్నా అన్నాడు. అన్నా అని... నూనె వాసన."

"నూనేంది? పడవ ఎప్పుడు తిరగబడింది?"

"తెలీదు."

"ఆరున్నరా? ఏడా?"

"కొంగలు లేసినాయి."

నాకు చిరాకొచ్చింది, నిజం చెప్తున్నాను. అవతల ఎస్సైగారు ఫిర్యాదు కాగితం కోసం కూర్చున్నారు. సాయంత్రంలోపు అన్నీ పంపాలి. అందుకని నా విద్య ప్రయోగించాను.

"నువ్వు కాపాడాలని సూసినావు గదా? సెయ్యి అందలేదా?"

అతను నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. కాసేపటికి తల ఊపాడు.

నేను రాశాను: "నేను నా తమ్ముడిని కాపాడుటకు ఎంతయో ప్రయత్నించితిని, కానీ చెయ్యి అందలేదు." చదివి వినిపించాను. సంతకం పెట్టాడు. కొంగలు, నూనె వాసన కాగితంలోకి రాలేదు. అవెందుకు అనుకున్నాను.

అతను బెంచీ మీద ఉండగానే కబురొచ్చింది, శవం దొరికిందని.

నడుం లోతు నీళ్లు

పులికాట్ చూసినవాళ్లకు తెలుసు, చాలాచోట్ల నడుం లోతే ఉంటుంది. ఎస్సైగారికి మొదటి అనుమానం అక్కడే వచ్చింది. పుట్టింది మొదలు నీళ్లలో తిరిగినోడు నడుం లోతులో ఎలా చస్తాడు? ఆ ఊళ్లలో సరస్సులో ఎక్కడ ఎవరు ఎప్పుడు వల వేయాలనేదానికి వంతులుంటాయి. తమ వంతును చెంగయ్య అన్నను అడక్కుండా తన అత్తగారి వాళ్లకు ఇచ్చేశాడట. ముందురోజే వీధిలో గొడవ. "నీ మొగం మళ్లా సూడను పోరా" అని మునెయ్య అరిచింది ఊరంతా విన్నది.

పోస్టుమార్టం రిపోర్టులో చెంగయ్య ఎడమ ముంజేతి మీద కమిలిన గుర్తులున్నాయి. ఒకవైపు నాలుగు, ఇంకోవైపు ఒకటి. మనిషి చెయ్యి పట్టిన పట్టు. కుడికాలి మడమ పైన గీరుకుపోయిన చారలు కూడా ఉన్నాయి గానీ, గవ్వలు గీసుకుని ఉంటాయనుకున్నాం.

ఎస్సైగారు మునెయ్యను మళ్లీ పిలిపించి నేరుగా అడిగారు: "నీ తమ్ముడి సెయ్యి పట్టుకున్నావా లేదా?"

"పట్టుకున్నా సార్."

"అందలేదని సంతకం పెట్టినావే?"

మునెయ్య తన కుడిచేతి వేళ్లు చూసుకున్నాడు. తర్వాత "అందలేదు" అన్నాడు. ఇంకాసేపటికి "పట్టుకున్నా" అన్నాడు. ఆనాడు పడవకు ఏ పక్కన ఉన్నావంటే ఒకసారి కుడి, ఒకసారి ఎడమ.

"మూడుసార్లు మాట మార్చినాడమ్మా," అన్నారు ఎస్సైగారు నాతో. "తగాదా ఉండాది, పట్టిన గుర్తులుండాయి, లోతు లేదు. సెక్షన్ హత్యకు మార్చాల. రేపు ఆ మెమో రెడీ చెయ్."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ కాగితాలు చూసిన ఏ అధికారైనా అదే అంటాడు. తప్పు ఆ కాగితాల్లో ఉంది. మునెయ్య మార్చాడంటున్న మొదటి మాట అసలు మునెయ్యది కాదు. అది నాది.

ఆ తర్వాత నాకు అన్నం దిగలేదు. ఫిర్యాదు నకలు బీరువాలోంచి తీసి మూడుసార్లు చదివాను, ఎక్కడైనా "చెయ్యి" అనే మాట అతనే ముందు అన్నాడేమోనని. అనలేదు. నాకు బాగా గుర్తుంది. గుర్తుందా? లేక భయానికి అలా అనిపిస్తోందా? చెప్తే నా ఉద్యోగం మీదకొస్తుంది. చెప్పకపోతే ఒక మనిషి తమ్ముణ్ణి చంపినవాడవుతాడు. గేటు దగ్గర రోజూ ఒకామె వచ్చి నిలబడేది. చెంగయ్య భార్య పొన్నమ్మ. నేను బయటికి వస్తే చాలు, "మా బావ ఏం సెప్పినాడు మేడమ్?" అని అడిగేది. ఆ రోజు ఆమెను తప్పించుకోవడానికి నేను వెనక తలుపు నుంచి పోయాను. ముప్పై ఏళ్ల సర్వీసు, వెనక తలుపు!

తెగిన సంచి

తిరుపతిలో ఒక ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది. ఖైదీలను తీసుకెళ్లినప్పటి పరిచయం. ఆమెకు ఫోన్ చేసి పేర్లు లేకుండా అంతా చెప్పాను.

"బజారు నుంచి వస్తుంటే సంచి తెగి సామాన్లన్నీ రోడ్డు మీద పడ్డాయనుకోండి," అంది. "ఏరేటప్పుడు కొన్న వరసలో ఏరతామా? ఏది చేతికందితే అది. చావు దగ్గరగా చూసినవాళ్లకు జ్ఞాపకం అలా పడుతుంది. వాసన ఉంటుంది, చప్పుడు ఉంటుంది, టైము ఉండదు. మీరు తర్వాత తర్వాత అని తొందరపెడితే, లేనిదాన్ని మీ నోటి నుంచి తీసుకుని సంచిలో వేసుకుంటారు. పాపం, వాళ్లకే తెలియదు అది తమది కాదని."

"అయితే ఆయన చెప్పేది నిజమేనంటారా?"

"ఆ మాట నేనెలా అంటాను? వరస తప్పినంత మాత్రాన అబద్ధం కాదు. ఏడుస్తూ చెప్పినంత మాత్రాన నిజమూ కాదు. ఆయన్ని తనకు నచ్చిన చోట నుంచి చెప్పనివ్వండి. మీరు మాట ఇవ్వకండి. చెప్పినదాన్ని బయట సరిచూసుకోండి."

పిల్లలూ, ఈ నాలుగు ముక్కలు మాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. లెఫ్ట్ రైట్ మాత్రం నెలల తరబడి చెప్పారు.

మర్నాడు పొద్దున్నే ఎస్సైగారి గదిలోకి పోయి, 'చెయ్యి అందలేదు' అనేది నా వాక్యమని చెప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేచారు.

"మతుండే మాట్లాడతాండావా? ఈ మాట బయటికి పోతే నీతో పాటు నేనూ పోతా."

"పోతే పోదాం సార్. ఆ మనిషి అనని మాటకు ఆయన్ని పంపలేను."

చాలాసేపు తిట్టారు. తిట్టడం అయ్యాక ఫ్యాను వైపు చూస్తూ, "రేపు సాయంత్రం దాకా. అంతే," అన్నారు.

తెలియదు

యూనిఫాం లేకుండా చీర కట్టుకుని ఆ పల్లెకు పోయాను. ఒడ్డున బోర్లించిన పడవ పక్కన మునెయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని పక్కనే ఇసుకలో కూర్చున్నాను. పెన్ను సంచిలోంచి తీయలేదు.

"యాడ నుంచి సెప్పాలనిపిస్తే ఆడ నుంచి సెప్పప్పా. సెప్పకపోయినా పరవాలేదు."

ఎంతసేపు కూర్చున్నామో. 'తర్వాత' అనే మాట నాలుక చివరిదాకా వచ్చి పోతోంది, పళ్లు బిగబట్టుకున్నాను. చివరికి అతనే మొదలుపెట్టాడు.

"కొబ్బరినూనె వాసన మేడమ్. వాడికి సెయ్యి బెణికిండె. పొద్దున పొన్నమ్మ నూనె రాసి నీవింది. పడవెక్కినప్పటి నుంచి అదే వాసన. గొడవ పడినాం గదా, మాట్లాడుకోలా. వాసన మాత్రం వస్తా ఉండె."

కొంగలు లేవడం చెప్పాడు. మళ్లీ వాసన. మళ్లీ 'అన్నా' అన్న కేక. అప్పుడు ఇంతవరకు ఎవరికీ చెప్పనిది చెప్పాడు.

"వాడి కుడికాలు పైకి రాలా మేడమ్. వల కట్టే గుంజ తాడు సుట్టుకోనుండాది. నేను లాగతా ఉండా, కింద నుంచి అదీ లాగతా ఉండాది. బురదలో నా కాళ్లు దిగిపోయినాయి. నోట్లోకి నీళ్లొచ్చినాయి. సెయ్యి పట్టుకోనే ఉండా, ఈ సేత్తోనే. నూనె సెయ్యి."

వేళ్లు ముడుచుకున్నాయి, తెరుచుకున్నాయి. బెంచీ మీద నేను చలి అనుకున్నది ఇదే.

"జారిందో, నేను వదిలినానో, తెలీదు మేడమ్. తెలీదు. దేవుడి తోడు, తెలీదు."

నేను ఏడ్చాను. పోలీసోళ్లు ఏడవకూడదంటారు, అనేవాళ్లను ఆ ఒడ్డున కూర్చోమనండి.

ఏడవడం వేరు, సరిచూడడం వేరు. శవం తీసిన ఇద్దరిని వెతుక్కుంటూ పోయాను. ఇద్దరినీ విడివిడిగా, తాడు ఊసెత్తకుండా, "ఎట్ట తీసినారు?" అని మాత్రం అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. కుడికాలికి గుంజ తాడు చుట్టుకుని ఉంటే కత్తితో కోశారు. "మరి పోలీసులకు సెప్పలేదేం?" అంటే ఒకాయన విసుక్కున్నాడు. "ఎవురడిగినారు మేడమ్? యాడ దొరికింది, ఎన్ని గంటలకు దొరికింది అన్నారు, సెప్పినాం." వాళ్లు ఆ తాడు కోసే సమయానికి మునెయ్య మా బెంచీ మీద ఉన్నాడు. ఆ మాట తర్వాత ఎవరైనా అతని చెవిన వేశారా అని కూడా అడిగాను. వేయలేదు. అతను ఎవరితోనూ మాట్లాడలేదు, ఎవరూ అతనితో మాట్లాడలేదు. కోసిన తాడు ముక్క ఇంకా గుంజకే వేలాడుతోంది.

కొత్త స్టేట్‌మెంట్ రాశాను. నూనె, కొంగలు, తాడు అన్నీ అతని మాటల్లోనే. "జారినదో నేను వదిలినానో తెలియదు" అని కూడా రాశాను. ఆ పాత రైటర్ కాగితం విసిరిన రోజు తర్వాత, 'తెలియదు' అని ఖాళీ వదిలేసి పెన్ను దించడం అదే మొదలు. కేసు ప్రమాదంగా మూతపడింది. నాకు పడాల్సిన చీవాట్లు పడ్డాయి.

స్టేషన్ నుంచి పోతూ మునెయ్య నా దగ్గరికి వచ్చాడు.

"నూనె సంగతి పొన్నమ్మకు సెప్పొద్దు మేడమ్. తన సేత్తో రాసింది. మొదట మీరు రాసినారే, సెయ్యి అందలేదని. ఆమెకు అట్నే ఉండనీండి."

సరేనన్నాను. ఈసారి ముందు తలుపు నుంచే బయటికి పోయాను. పొన్నమ్మ గేటు దగ్గరే ఉంది.

"కాలికి తాడు సుట్టుకున్నింది తల్లీ. ఎవురూ ఏం సెయ్యలేదు."

"మా బావ పట్టుకున్నాడా?"

చెయ్యి అందలేదని చెప్పాలి. ఒప్పుకున్నాను కదా. కానీ ఆ వాక్యం ఇంకోసారి నా నోటి నుంచి రాలేదు.

"పట్టుకున్నాడమ్మా. తాడు వదల్లా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పట్టుకున్నాడు గదా. సాలు మేడమ్. వాళ్లు మాట్లాడుకోకుండా పోయినారే, అన్న సెయ్యి పట్టుకున్నాడంటే సాలు."

నూనె మాట నేను ఎత్తలేదు. కానీ పొన్నమ్మ అన్న ఈ మాట పోయి మునెయ్యకు చెప్పాల్సింది. చెప్దాంలే అనుకున్నాను. నెలలోపే చిత్తూరు వైపు బదిలీ. చెప్పలేదు. నా తప్పుల్లో ఇది రెండోది, మొదటిదానికన్నా పెద్దది.

తడ బస్టాండు దగ్గర

పోయిన ఏడాది చుట్టాల పెళ్లికి పోతూ తడలో బస్సు మారాను. రోడ్డు పక్క ఎండుచేపలు పెట్టుకున్న మనిషి "మేడమ్!" అని పిలిచాడు. జుట్టు తెల్లబడింది గానీ మునెయ్యే. నీళ్లలోకి పోవడం మానేశాడట. స్టూలు వేసి కూర్చోమన్నాడు. పొన్నమ్మ జ్వరమొచ్చి చనిపోయిందని చెప్పాడు. ఇక దాచాల్సిన మనిషి లేదు కదా, ఆనాడు ఆమె అన్న మాట ఇప్పుడైనా అతనికి చెప్పేయాలనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే పక్క అంగడాయనకు నన్ను చూపించి, ఆ రోజు సంగతి ఎత్తుకున్నాడు. తడబాటు లేదు, ముందువెనకలు లేవు, వరసగా చెప్పుకుపోయాడు.

"సుమారు ఆరున్నరకు పడవ తిరగబడింది. నా తమ్ముడిని కాపాడుటకు ఎంతయో ప్రయత్నించితిని, కానీ చెయ్యి అందలేదు."

ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి 'ప్రయత్నించితిని' అంటాడా?

"అది నేను రాసింది మునెయ్యా," అన్నాను మెల్లగా. "నువ్వు పట్టుకున్నావు. పొన్నమ్మకు సెప్పినాను, అన్న సెయ్యి పట్టుకున్నాడంటే సాలనింది. సేతికి నూనె ఉండె, జారింది."

అతను నన్ను జాలిగా చూశాడు, పెద్దామెకు మతిమరుపు వచ్చిందన్నట్టు.

"నూనేంది మేడమ్? అందలేదు."

"రాత్రిళ్లు నిద్ర పడుతుందా?"

"పడుతుంది మేడమ్. ఇప్పుడేం లేదు."

బస్సు హారన్ కొట్టింది. నిజం చెప్పి అతని నిద్ర చెడగొట్టాలా, నేను పెట్టిన అబద్ధంతో అతన్ని అలాగే వదిలేయాలా, నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. మునెయ్య నవ్వుతూ ఎడమచేత్తో ఈగలు తోలుకుంటున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది, దాని వేళ్లు గట్టిగా ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి, మళ్లీ ముడుచుకుంటున్నాయి.